అన్ని జాతులూ తానే అయిన నటుడు – జె. కారల్ నేష్



సినిమా పోస్టరుమీద నాయికానాయకుల పేర్లు బారెడు అక్షరాలలో ఉంటాయి. వాటి అడుగున, కళ్ళద్దాలు సవరించుకొని చదువవలసినంత చిన్న అక్షరాలలో మరికొన్ని పేర్లుంటాయి. సినిమా చూచి ఇంటికి వచ్చిన తరువాత “ఆ ముసలి తండ్రి వేషం కట్టినవాడెవరండీ, భలే చేశాడు!” అని మనచేత అనిపించుకొనేవారు ఈ రెండవ వరుసలోని వారే. వారినే క్యారెక్టర్ నటులంటారు. 1930 మొదలుకొని 1960 వరకు, హాలీవుడ్ స్టూడియోలు ఒక వెలుగు వెలిగిన కాలంలో, ఇటువంటి నటులు వందలకొద్దీ ఉండేవారు. వారిలో ఒకరిని గురించి ఈ టపా. ఆయన పేరు జె. కారల్ నేష్.

నలభై అయిదేళ్ళ నటజీవితంలో ఆయన రెండువందలకు పైగా చిత్రాలలో కనిపించినారు. చైనా దేశస్థుడు, జపాను గూఢచారి, ఇటలీ సైనికుడు, మెక్సికో సంతతి వృద్ధుడు, ఫ్రెంచి ఓడదొంగ, అమెరికా ఆదివాసీ నాయకుడు, ఆంగ్లేయుల కొలువులో ఉన్న మన సుబేదారు – ఒకటా, రెండా? మనుషుల జాతులు చాలవన్నట్టు, 1942లో వచ్చిన ‘డాక్టర్ రెనోస్ సీక్రెట్’ చిత్రంలో శస్త్రచికిత్స చేత మనిషిగా మార్చబడిన వానరం వేషం కూడా వేసి ప్రేక్షకులచేత కన్నీరు పెట్టించినారు. ఇన్ని వేసినవారికి దాదాపుగా దక్కనిది ఒక్కటే. నేష్ పుట్టుకచేత ఐరిష్ సంతతివారు. ఐరిష్ పాత్ర వచ్చినప్పుడు మాత్రం తానెవరికీ గుర్తుకు రానని ఆయన చమత్కరించేవారట.

ఈ చమత్కారాన్ని ఆయన బహుముఖ ప్రజ్ఞకు నిదర్శనంగా చెప్పి నవ్వి ఊరుకోవడం పరిపాటి. ప్రజ్ఞ నిజమే, అందులో సందేహం లేదు. కాని ఆ నవ్వు చల్లారిన తరువాత అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది. చైనావారి వేషం, జపానువారి వేషం, ఆదివాసుల వేషం అన్నీ ఈయన ఒక్కరే వేస్తూ ఉంటే, ఆ చైనావారు, ఆ జపానువారు, ఆ ఆదివాసులు ఎక్కడ ఉన్నారు? నేష్ నటజీవితాన్ని ఈ ప్రశ్నతో కలిపి చదివితే తప్ప ఆయన గొప్పతనం గాని, దాని వెనుకనున్న అన్యాయం గాని సరిగా బోధపడవని నా అభిప్రాయం.

మొదట ఆయన కథ క్లుప్తంగా చెప్పుకొందాం. నేష్ 1896 జనవరి 21న న్యూయార్కు నగరంలో జన్మించినారు. బాల్యంలోనే పిల్లల నాటక బృందంలో పాటలు పాడినారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుడుగా ఫ్రాన్సు వెళ్ళినారు. యుద్ధం ముగిసిన తరువాత వెంటనే ఇంటిముఖం పట్టక, ఐరోపా దేశాలలో తిరిగి అక్కడి భాషలను, యాసలను చెవిలో నింపుకొన్నారు. 1926లో చైనా వెళ్ళవలసిన ఒక సరుకుల ఓడలో పోతూ ఉండగా, ఓడ యంత్రం చెడిపోయి కాలిఫోర్నియాలో దిగబడిపోయినారని చెబుతారు. దిగబడినచోట సినిమా పరిశ్రమ ఉన్నది. మూకీల చివరి దినాలలో చిన్నచిన్న వేషాలతో ప్రవేశించి, టాకీలు వచ్చేసరికి స్థిరపడినారు.

టాకీ రావడం ఆయనకు కలిసివచ్చింది. మూకీలలో ముఖమే పెట్టుబడి. టాకీలలో గొంతు కూడ పెట్టుబడి అయినది. నేష్‌ది నల్లని జుట్టు, చామనఛాయకు దగ్గరగా ఉన్న రంగు. ఏ దేశపు తలపాగా చుట్టినా అమరిపోయే ముఖం. దానికితోడు ఏ యాసనైనా పట్టివేయగల చెవి, నాలుక. స్టూడియోవారికి ఇంతకన్న ఏమి కావాలి?

మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు తెరగులుగా చెప్పినది. అవయవాల కదలిక ఆంగికం. మాట తీరు వాచికం. వేషభూషలు, రంగులు ఆహార్యం. లోపలి భావం కంట నీరుగా, ఒంట పులకగా తనంతట తాను బయటపడడం సాత్త్వికం. ఈ కొలబద్దతో చూస్తే హాలీవుడ్ స్టూడియోలకు ఆహార్యం కరతలామలకం. కన్నుల చివరలను పట్టీలతో లాగి అతికి తూర్పుదేశాల ముఖాన్ని తయారుచేసేవారు. ముఖానికి గోధుమరంగు పూసి ఆదివాసిని చేసేవారు. వాచికం, ఆంగికం నేష్ స్వయంగా తెచ్చుకొన్నవి. ఇక సాత్త్వికం మాటకు వస్తే, అది నటుడొక్కడి చేతిలో లేదు. పాత్రకు మనసంటూ ఒకటి ఉన్నదని రచయిత ముందుగా ఒప్పుకోవాలి. అప్పుడుగదా నటుడు ఆ మనసును చూపేది! నేష్ పాత్రలను తరచి చూస్తే, ఏ జాతికి మనసు ఉన్నట్టు హాలీవుడ్ ఒప్పుకొన్నదో, ఏ జాతికి ఒప్పుకోలేదో స్పష్టంగా కనిపిస్తుంది.

వేషం కట్టడం మనకు కొత్త కాదు. పగటివేషగాళ్ళు ఒకనాడు ఫకీరుగా, మరునాడు షావుకారుగా, ఇంకొకనాడు సోమయాజులు–సోమిదేవమ్మలుగా వీధిలోకి వచ్చేవారు. అయితే ఆ వీధిలోనే నిజమైన షావుకారు అరుగుమీద కూర్చుని ఉండేవాడు. యాస చక్కగా కుదిరితే మెచ్చుకొనేవాడు, హద్దు మీరితే కసురుకొనేవాడు. చివరిరోజున సంభావన ఇచ్చేవారిలో అతడూ ఒకడు. అందుచేత వేషగానికి ఒక అదుపు ఉండేది. హాలీవుడ్ వేషాలకు ఈ అదుపు ఒక్కొక్క జాతి విషయంలో ఒక్కొక్క విధంగా ఉండేది. కొందరికి అరుగుమీద చోటున్నది. కొందరికి ఆ వీధిలోకే ప్రవేశం లేదు.

1932లో వార్నర్ బ్రదర్స్ వారి ‘ది హాచెట్ మ్యాన్’ వచ్చింది. కథ అమెరికాలోని చైనావారిది. కథానాయకుడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్, రుమేనియాలో పుట్టిన యూదుడు. ఆయన మిత్రుడైన సన్ యాట్ మింగ్‌గా నేష్. ముఖ్యమైన చైనా పాత్రలన్నీ తెల్లవారివే. ఇది ఒక్క చిత్రం సంగతి కాదు. 1934 నుండి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళి, తెల్లజాతివారికీ నల్లజాతివారికీ మధ్య ప్రణయసంబంధాన్ని తెరమీద చూపరాదన్నది. స్టూడియోలు ఆ నిషేధాన్ని ఆసియావారికి కూడ వర్తింపజేసుకొన్నాయి. దాని ఫలితం ఎంత విడ్డూరమో చూడండి. 1937లో ఎం.జి.ఎం. సంస్థ ‘ది గుడ్ ఎర్త్’ తీసినప్పుడు చైనా రైతు పాత్ర పాల్ మునికి ఇచ్చినారు. నాయకుడు తెల్లవాడైనాడు గనుక, అతని భార్య పాత్ర కోరుకొన్న చైనా సంతతి తార అన్నా మే వాంగ్‌కు ఆ పాత్ర దక్కలేదు. జర్మనీలో పుట్టిన లూయీ రైనర్ ఆ పాత్ర వేసి ఆస్కార్ అందుకొన్నది.

మన దేశం సంగతి చూద్దాం. 1935లో పారమౌంట్ వారు ‘ది లైవ్స్ ఆఫ్ ఎ బెంగాల్ లాన్సర్’ తీసినారు. గ్యారీ కూపర్ నాయకుడు. వాయవ్య సరిహద్దులోని ఒక కల్పిత సంస్థానానికి ప్రభువుగా అకీమ్ టామిరాఫ్ – రష్యా సామ్రాజ్యంలో పుట్టిన ఆర్మేనియన్. ఆయన దివానుగా మన నేష్. మరుసటి ఏడు ‘ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’లో ఎరల్ ఫ్లిన్ కొలిచే ఆంగ్ల సైన్యంలో సుబేదార్ మేజర్ పూరన్ సింగ్ కూడ నేషే. ఈ రెండు చిత్రాలలోను భారతీయుడు రెండే విధాలుగా ఉంటాడు: దొరలకు ప్రాణమిచ్చే విశ్వాసపాత్రుడు, లేదా దొరలను మోసగించే కుటిలుడు. మూడవరకం మనిషి లేడు. అదే 1930లలో దేశమంతటా సత్యాగ్రహాలు నడుస్తూ, వేలకొద్దీ జనం జైళ్ళకు పోతున్నారన్న సంగతి తలచుకొంటే, ఆ పూరన్ సింగు ఎవరి ఊహలో పుట్టినవాడో తెలిసిపోతుంది. నేష్ ఆ పాత్రకు హుందాతనం తెచ్చినారు, కాదనను. ఉన్న నాలుగు మాటలతో అంతకు మించి చేయగలవాడు లేడు.

ఆ దశాబ్దంలో ఆయనకు తీరిక లేదు. ‘కెప్టెన్ బ్లడ్’ (1935)లో ఫ్రెంచి ఓడదొంగ, ‘బ్యూ జెస్ట్’ (1939)లో ఎడారికోటలో తోటి సైనికులమీద చాడీలు చేరవేసే రాసినాఫ్. మధ్యలో పారమౌంట్ వారి చిన్న నేరచిత్రాలలో దొంగలముఠా నాయకుడు. 1941లో రూబెన్ మమూలియన్ తీసిన ‘బ్లడ్ అండ్ శాండ్’లో, ఒకప్పుడు ఎద్దులపోరులో పేరుమోసి చివరకు చేయి చాచవలసివచ్చిన గారబాటో. ఆ పాత్ర చిన్నదే. అయినా పేరుప్రతిష్ఠలు ఎంత త్వరగా జారిపోతాయో ఆ ముఖంలో చదువుకోవచ్చును.

ఇప్పుడు 1943వ సంవత్సరానికి వద్దాం. నేష్ చరిత్రకు ఇది మర్మస్థానం. ఆ ఒక్క ఏడాదిలో, ఒక్క కొలంబియా సంస్థలోనే, ఆయన రెండు శత్రుపాత్రలు ధరించినారు. అమెరికా అప్పుడు జర్మనీ, ఇటలీ, జపానులతో యుద్ధంలో ఉన్నది. ఒక పాత్ర ఇటలీవాడు, రెండవది జపానువాడు.

మొదటిది ‘సహారా’. మన మైసూరు సీమలోని మావటి కొడుకు సాబూను ‘ఎలిఫెంట్ బాయ్’ (1937)తో లోకానికి పరిచయం చేసిన ఇద్దరు దర్శకులలో ఒకరైన జోల్టాన్ కోర్డా దీనికి దర్శకుడు. ఉత్తరాఫ్రికా ఎడారిలో దారితప్పిన ఒక టాంకు, దానికి సార్జెంటు హంఫ్రీ బోగార్ట్. దారిలో చేరిన రకరకాల సైనికులు, అడుగంటుతున్న నీరు. రెక్స్ ఇంగ్రామ్ అనే నల్లజాతి నటుడు సూడాను సైనికుడుగా, ఎవరికీ తీసిపోని గౌరవంతో కనిపిస్తాడు. ఆ కాలానికి అది పెద్ద విశేషం. నేష్ పాత్ర పేరు జుసెప్పె, యుద్ధఖైదీగా చిక్కిన ఇటలీ సైనికుడు. నీరు చాలదని సార్జెంటు మొదట అతనిని ఎడారిలోనే వదలి బయలుదేరతాడు. జుసెప్పె బ్రతిమాలతాడు, ఏడుస్తాడు, టాంకు వెనుక నడుస్తాడు. చివరకు సార్జెంటు మనసు కరిగి ఎక్కించుకొంటాడు. తరువాత జర్మను ఖైదీ ఒకడు పారిపోవడానికి సాయం చేయమన్నప్పుడు జుసెప్పె నిరాకరిస్తాడు. అప్పుడతడు చెప్పే మాటల సారాంశం ఇది: ముసోలినీ ఇటలీవారికి దొంగల, హంతకుల వేషం తొడుగగలడు గాని, హిట్లరు తనవారికి చేసినట్టు, ఆ దొంగతనాన్ని హృదయంలోకి ఎక్కించలేడు. ఈ మాటలు అన్నందుకు జర్మను చేతిలో పొడిపించుకొని చనిపోతాడు.

ఆ ఘట్టం చూచినప్పుడు నాట్యశాస్త్రం నాలుగు అభినయాలూ ఒక్కచోట కలిసినట్టు తోస్తుంది. వేషం వేరు, లోపలి మనిషి వేరు అని ఒక వేషగాడు చెబుతున్నాడు. శత్రుసైనికుని ఉడుపులలో ఉన్నవానికి భార్యాబిడ్డలున్నారు, భయమున్నది, సిగ్గున్నది, చివరకు ధైర్యం కూడ ఉన్నది. ఉత్తమ సహాయనటుడుగా నేష్‌కు మొదటి ఆస్కార్ నామినేషన్ ఈ పాత్రకే వచ్చింది. బహుమతి మాత్రం చార్ల్స్ కోబర్న్‌కు పోయింది.

రెండవది ‘బ్యాట్‌మ్యాన్’, పదిహేను భాగాల సీరియల్. ఈనాడు కోట్ల డాలర్లతో తీసే ఆ గబ్బిలపు వీరుని కథ మొట్టమొదట తెరకెక్కినది ఇదే. అందులో ప్రతినాయకుడు డాక్టర్ డాకా అనే జపాను గూఢచారి, వేషం నేష్‌ది. ఈ డాకా మనుషుల తలలకు యంత్రాలు తగిలించి వారిని బుద్ధిలేని బొమ్మలను చేస్తాడు. కాదన్నవారిని మొసళ్ళ గోతిలోకి త్రోస్తాడు. చివరకు తానూ అందులోనే పడతాడు. ఇల్లు లేదు, తల్లి లేదు, భయం లేదు. సాగదీసిన కన్నులు, పాకం పట్టినట్టున్న మాటతీరు, వికటపు నవ్వు, అంతే! ఆహార్యం ఉన్నది, వాచికం ఉన్నది, సాత్త్వికానికి చోటే లేదు.

ఒకే నటుడు, ఒకే సంస్థ, ఒకే సంవత్సరం. ఒక శత్రువుకు హృదయం ఇచ్చి, మరొక శత్రువుకు కోరలు మాత్రమే ఎందుకిచ్చినారు? సమాధానం తెర వెలుపల ఉన్నది.

యుద్ధం మొదలైనప్పుడు పౌరసత్వం పుచ్చుకోని ఇటలీవారు ఆరులక్షలమందిని అమెరికా ప్రభుత్వం శత్రుదేశీయులుగా ప్రకటించింది. కాని ఇటలీ సంతతివారు నగరాలనిండా ఉన్నారు, వోటర్లున్నారు, సైన్యంలో వారి కొడుకులున్నారు. అందుచేత 1942 అక్టోబరు 12న, కొలంబస్ దినాన, ఆ ముద్రను తొలగించినారు. జపాను సంతతివారి గతి వేరు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ నంబరు ఉత్తర్వుమీద సంతకం చేసినారు. దాని చేత పడమటి తీరంనుండి సుమారు లక్షా ఇరవైవేలమందిని ఇళ్ళనుండి, పొలాలనుండి, దుకాణాలనుండి లేవదీసి ముళ్ళకంచెల నడుమ శిబిరాలలో ఉంచినారు. వారిలో మూడింట రెండువంతుల మంది అమెరికాలో పుట్టి పౌరహక్కు కలవారే. ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి భాగంలో ఖాళీ అయిపోయిన జపాను వీధిని చూపిస్తూ, ఆ పని చేసిన ప్రభుత్వాన్ని వివేకం కలదని వ్యాఖ్యాత మెచ్చుకొంటాడు. అనగా, డాకా వేషం కట్టి నేష్ ఆడిపాడిన నాటికి, ఆ వేషం చూచి “మేమిట్లా ఉండమయ్యా” అనవలసినవారు ఆ వీధిలో లేరు. ఆ ఊరిలోనే లేరు.

అదే ఏడు ఆర్.కె.ఓ. వారి ‘బిహైండ్ ది రైజింగ్ సన్’లోను నేష్ జపాను పెద్దమనిషిగా నటించినారు. కొడుకును సైన్యానికి అప్పగించి పశ్చాత్తాపంతో ఆత్మహత్య చేసుకొనే తండ్రి పాత్ర అది. డాకా పక్కన పెట్టి చూస్తే ఇందులో కొంత మానవత్వమున్నది. అయినా, తండ్రి నేష్, కొడుకు టామ్ నీల్, ఇద్దరూ తెల్లవారే. ఈ కాలపు యుద్ధచిత్రాలలో చిల్లర జపాను దుష్టపాత్రలు చైనా సంతతివాడైన రిచర్డ్ లూ, కొరియా సంతతివాడైన ఫిలిప్ ఆన్ వంటివారికి దక్కేవి. పెద్ద పాత్ర అయితే పట్టీలు అతికిన ముఖానికే.

శిబిరాలు మూసివేసిన నలభై ఏళ్ళకు, 1988లో, అమెరికా ప్రభుత్వం చట్టం చేసి బ్రతికి ఉన్న బాధితులకు క్షమాపణ చెప్పి, తలకు ఇరవైవేల డాలర్లు పరిహారమిచ్చింది. సీరియల్ మాత్రం 1965లో మళ్ళీ థియేటర్లకు వచ్చి యువకులకు నవ్వులాటగా ఉపయోగపడింది.

నేష్ నటనకు శిఖరం 1945లో వచ్చిన ‘ఎ మెడల్ ఫర్ బెన్నీ’. కథ జాన్ స్టెయిన్‌బెక్, జాక్ వాగ్నర్‌లది. కాలిఫోర్నియాలోని ఒక చిన్న ఊరు. అక్కడ మెక్సికో సంతతివారు ఊరి అంచున గుడిసెలలో ఉంటారు. బెన్నీ అనే ఆకతాయి కుర్రవానిని ఊరివారు తరిమివేసినారు. అతడు యుద్ధానికి పోయి, పోరాడి మరణించి, దేశంలోకెల్ల ఉత్తమమైన వీరపతకానికి అర్హుడైనాడు. బెన్నీ తెరమీద ఒక్కసారైనా కనిపించడు. కథంతా అతని తండ్రి చార్లీ మార్టిన్‌ది. ఊరి వ్యాపారులకు ఒక్కసారిగా బెన్నీ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పతకం ఇవ్వడానికి సేనాపతి వస్తాడు, పత్రికలవారు వస్తారు. ఊరికి పేరు, వ్యాపారానికి లాభం. అయితే వీరుని తండ్రి గుడిసెలో ఉన్నాడని తెలిస్తే నామర్దా. అందుకని ఆ ముసలివానిని మంచి ఇంటిలోకి మార్చి, మంచి దుస్తులు తొడిగి నిలబెడతారు. తనకు జరుగుతున్న గౌరవం కొడుకు కోసం కాదని, తన గుడిసెను చూచి సిగ్గుపడుతున్నారని చార్లీ గ్రహిస్తాడు. ఆ ఇల్లు విడిచి నడిచి తన గుడిసెకు పోతాడు. పతకం ఇవ్వదలచుకొంటే అక్కడికే రావాలి. సేనాపతి సైన్యంతో సహా ఆ గుడిసె వాకిటికే వస్తాడు.

ఆ వాకిట్లో చార్లీ అనే మాటల భావం: ఈ దేశం తన ప్రాణానికి అన్నిరకాల మనుషులమీద, తన కొడుకు వంటివారిమీద కూడ, ఆధారపడవలసి రావడం మంచిదే. ఇక్కడ నేష్ గొంతు పెంచరు. యాస ఉన్నది గాని అది మన చెవికి తగలదు, మనిషే తగులుతాడు. ఈ పాత్రకు ఆయనకు గోల్డెన్ గ్లోబ్ బహుమతి, రెండవ ఆస్కార్ నామినేషన్ లభించినాయి. ఆస్కార్ మళ్ళీ చేజారింది. ఈసారి జేమ్స్ డన్‌కు.

ఈ చిత్రాన్ని తలచుకొన్నప్పుడల్లా రెండు భావాలు ఒకదానివెంట ఒకటి వస్తాయి. పేదవాని అభిమానాన్ని, వెలివాడ గౌరవాన్ని ఇంత హుందాగా చూపిన హాలీవుడ్ చిత్రం ఆ రోజులలో అరుదు. ఇది మొదటిది. అన్నిరకాల మనుషులూ కావాలని చెప్పే ఆ మాటను పలుకడానికి మెక్సికో సంతతి వృద్ధనటుడు ఒకనిని వెదకాలని స్టూడియోకు తోచలేదు. ఇది రెండవది. మొదటిది నేష్ ఘనత. రెండవది ఆయన చేసిన తప్పు కాదు. కాని ఆయనకు ఆ ఘనత దక్కిన దారి అదే.

జాతి పేరు తగిలించని పాత్రలు ఇచ్చినప్పుడు ఆయన ఏమి చేయగలరో కూడ చూడాలి. 1945లోనే జాఁ రెన్వార్ తీసిన ‘ది సదర్నర్’లో డెవర్స్ అనే అమెరికా రైతుగా నటించినారు. కొత్తగా సేద్యానికి వచ్చిన పేద కుటుంబం బిడ్డ జబ్బుపడితే పాలు ఇవ్వడానికి కూడ ఒప్పుకోని పొరుగువాడు. కష్టాలు పడి పడి రాయి అయిపోయిన మనిషి. మరుసటి ఏడు ‘హ్యూమరెస్క్’లో, వయొలిన్ విద్వాంసుడైన జాన్ గార్‌ఫీల్డ్‌కు అంగడి నడుపుకొనే తండ్రి. 1952లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘క్లాష్ బై నైట్’లో పనిపాటు లేని మామయ్య. 1950లో జాన్ ఫోర్డ్ ‘రియో గ్రాండే’లో సేనాపతి ఫిలిప్ షెరిడన్ పాత్ర ఇచ్చినారు. షెరిడన్ తల్లిదండ్రులు ఐర్లాండునుండి వచ్చినవారు. తన జాతివానిగా తెరమీద కనిపించడానికి నేష్‌కు ఇన్నేళ్ళు పట్టింది!

అదే 1950లో ‘ఆనీ గెట్ యువర్ గన్’ అనే సంగీతచిత్రంలో ఆయన సిట్టింగ్ బుల్. సిట్టింగ్ బుల్ కల్పితుడు కాదు. లకోటా ఆదివాసుల నాయకుడై అమెరికా సైన్యాన్ని ఎదిరించి, 1890లో ప్రభుత్వ పోలీసుల చేతిలో హతుడైన మహాపురుషుడు. సంగీతచిత్రంలో ఆయన నవ్వులపాత్ర. నాలుగేళ్ళ తరువాత ‘సిట్టింగ్ బుల్’ (1954) పేరనే తీసిన చిత్రంలో మళ్ళీ నేషే ఆ పాత్రను గంభీరంగా, యుద్ధాన్ని తప్పించజూచే నాయకునిగా పోషించినారు. ఇందులో మరొక వింత. క్రేజీ హార్స్ పాత్ర వేసిన ఐరన్ ఐస్ కోడీ తాను ఆదివాసినని జీవితాంతం చెప్పుకొన్నాడు. సిసిలీనుండి వలస వచ్చినవారి బిడ్డ అని 1996లో పత్రికలు బయటపెట్టినాయి. కాబట్టి ఆ చిత్రంలోని ఇద్దరు ఆదివాసీ మహానాయకులలో ఒకడు ఐరిష్, ఒకడు ఇటాలియన్!

రేడియోలో నేష్ పేరు ఇంటింటా మారుమ్రోగింది. 1948లో సి.బి.ఎస్.లో మొదలైన ‘లైఫ్ విత్ లుయీజీ’లో ఆయన లుయీజీ బాస్కో – ఇటలీనుండి షికాగో వచ్చి పాతవస్తువుల అంగడి పెట్టుకొని, రాత్రిబడిలో ఇంగ్లీషు నేర్చుకొంటూ, తల్లికి ఉత్తరాలు వ్రాసే అమాయకుడు. అయిదేళ్ళు నడిచింది. రేడియోలో ముఖం లేదు, రంగు లేదు; వాచికం ఒక్కటే. ఆ ఒక్కదానితో జనాన్ని కట్టివేసినారు. 1952లో దానినే టెలివిజనుకు తెచ్చినప్పుడు తమను వెక్కిరిస్తున్నారని ఇటలీ సంతతివారు ఆక్షేపించినారు. ఆ ఏడాది ముగియకముందే నేష్ లుయీజీ తెరమీదినుండి తప్పుకొన్నాడు. అరుగుమీద కూర్చున్న షావుకారు కసిరినాడు, వేషగాడు ఆగినాడు.

చైనావారికి ఆ అరుగు లేదు. 1957–58లో ‘ది న్యూ అడ్వెంచర్స్ ఆఫ్ చార్లీ చాన్’ అని 39 భాగాల టెలివిజన్ ధారావాహిక వచ్చింది. చాన్ చైనా సంతతి డిటెక్టివు. 1930లలో స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్, ఆయన తరువాత సిడ్నీ టోలర్, ఆయన తరువాత రోలండ్ వింటర్స్ వేసిన పాత్ర అది. ఇప్పుడు నేష్. కొడుకు పాత్ర మాత్రం నిజమైన చైనా సంతతి యువకుడు జేమ్స్ హాంగ్‌కు ఇచ్చినారు. చిత్రీకరణలో ఒకనాడు తాను ఒక మాట అందించడంలో తడబడితే, ఇదేమైనా చైనా నటులకు బడి అనుకొన్నారా అని నేష్ మండిపడినారని, తన ఉద్యోగం పోయిందని హాంగ్ ముదిమిలో చెప్పుకొన్నారు. ఆ మాటలోని వైపరీత్యం గమనించండి. చైనావానిగా నటించడం ఎట్లాగో చైనావాడు తన దగ్గర నేర్చుకోవాలన్నట్టు ఒక ఐరిష్ సంతతి నటునికి తోచిందంటే, అది ఆయన ఒక్కరి కోపం కాదు. ముప్ఫై ఏళ్ళు ఆయనను ఆ గద్దెమీద కూర్చోబెట్టిన పరిశ్రమ మాట్లాడుతున్నది.

1960–61లో ‘గెస్ట్‌వర్డ్ హో’ అనే హాస్యధారావాహికలో ఆదివాసీ దుకాణదారుగా నటించిన తరువాత నేష్ క్రమంగా తెరమరుగైనారు. 1971లో వచ్చిన ‘డ్రాక్యులా వర్సెస్ ఫ్రాంకెన్‌స్టయిన్’ ఆఖరి చిత్రం. అందులో ఆయన చక్రాల కుర్చీలో కూర్చున్న వృద్ధ శాస్త్రజ్ఞుడు. పక్కన లాన్ చానీ జూనియర్. వీరిద్దరూ 1944లో ‘హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్’లో కలిసి నటించినవారే, అప్పుడు నేష్ ప్రేమకు నోచుకోని గూనివాడు, చానీ తోడేలుమనిషి. 1973లోనే ఇద్దరూ కన్నుమూసినారు. నేష్ మరణం ఆ జనవరి 24న, కాలిఫోర్నియాలోని లా హోయాలో.

ఆయన పోవడానికి ఒక్క ఏడాది ముందు, 1972లో, చార్లీ చాన్ పాత్ర మొదటిసారిగా చైనా సంతతి నటునికి లభించింది. ఆయన పేరు కీ లూక్. 1930లలో అదే చాన్‌కు పెద్దకొడుకుగా వేసినవాడు. అయితే ఆ లభించినది కూడ పిల్లల బొమ్మల చిత్రంలో. గొంతు మాత్రమే వినిపించింది, ముఖం కనిపించలేదు. ఆనాడు ఉద్యోగం పోయిన జేమ్స్ హాంగ్ మాత్రం పరిశ్రమను వదలలేదు. చిన్నాపెద్దా వేషాలు వందలకొద్దీ వేసినారు. 2023 ఫిబ్రవరిలో, తొంభైనాలుగేళ్ళ వయస్సులో, ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ బృందంతో కలిసి నటుల సంఘం బహుమతి అందుకొన్నారు. ఆ వేదికమీద ఆయన, కన్నులకు పట్టీలు అతికించుకొని ఇతరులు తమ పాత్రలు వేసిన రోజులను, ఆసియావారికి నటన చాలదని, వారిని చూడడానికి జనం రారని నిర్మాతలన్న మాటను గుర్తుచేసినారు.

ఇక నేష్‌ను గురించి మనమేమనుకోవాలి? మనవద్ద స్త్రీపాత్రలకు పేరెన్నికగన్న స్థానం నరసింహారావుగారి సత్యభామను మెచ్చుకొంటూనే, ఆ కాలపు రంగస్థలానికి కులస్త్రీలు ఎక్కలేకపోయినారన్న సంగతిని ఎట్లా మరువరాదో, ఇదీ అట్లాగే. నేష్ కళాసంపన్నుడు. చార్లీ మార్టిన్, జుసెప్పె ఎప్పటికీ నిలిచే పాత్రలు. ఆయనను దూషించి ఆ రెండు పాత్రలను చెరిపివేయనక్కరలేదు. ఆయనను పొగిడి ఆ ముళ్ళకంచెలను మరచిపోనూ కూడదు.

ఆసక్తి గల మిత్రులు ‘సహారా’ను, ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి భాగాన్ని ఒకే సాయంకాలం చూడవలసినదిగా మనవి. చూచేటప్పుడు నేష్ మీద ఒక కన్ను, ఆయన చుట్టూ ఎవరు లేరన్నదానిమీద ఇంకొక కన్ను ఉంచండి. మీకు తోచినది వ్రాస్తే సంతోషిస్తాను.

స్వస్తి.